అది నరాల బలహీనత కాదు

తుపాను మిగిల్చిన భయాన్ని మా గజపతి జిల్లాలో నేటికీ ‘నరాల బలహీనత’గా జమకట్టి బలం మందులతో, నిద్రమాత్రలతో సరిపెట్టడం ఆందోళనకరం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఇల్లు కోల్పోయిన మా వీధిలోని ఒక గృహిణికి, రేకుల మీద వాన చప్పుడు వినబడితే చాలు, ఇప్పటికీ గుండె దడ, చెమటలు. ఆమెకు తోడుగా నేను వెళ్లిన రెండు ఆసుపత్రుల్లోనూ గుండె పరీక్షలు చేశారే గాని, ఆ రాత్రి ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం అతిగా స్పందించి, దానిని అదుపు చేయవలసిన మెదడు ముందుభాగం పట్టు సడలినప్పుడు, ఎప్పుడో గడిచిన ముప్పు కళ్లెదుటే ఉన్నట్లు శరీరం ప్రవర్తిస్తుంది. దీనిని పిరికితనం అనడం అన్యాయం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లోనే తన రోగనిర్ధారణ గ్రంథంలో ఈ స్థితిని, అంటే ఘోర అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక రుగ్మత పిటిఎస్‌డిని, ఆందోళన రుగ్మతల నుంచి తప్పించి, మానసిక ఆఘాతం, ఒత్తిడి వల్ల కలిగే రుగ్మతలకు ప్రత్యేక అధ్యాయం కేటాయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కూడా వాటిని వేరుగానే చూస్తోంది. ఈ వర్గీకరణ కాగితాలకే పరిమితమైనది కాదు, ఎందుకంటే ఆఘాత జ్ఞాపకాన్ని నిపుణుల సాయంతో నెమ్మదిగా ఎదుర్కొనే మానసిక చికిత్స ఇందులో ముఖ్యం, నిద్రమాత్రలు దానికి బదులు కావు. కాబట్టి ప్రతి తుపాను తర్వాత ఆశా కార్యకర్తలు నష్టం వివరాలతోపాటు నిద్ర, పీడకలలు, ఉలికిపాటు గురించి ఒడియా, తెలుగు, సవర భాషల్లో అడిగి నమోదు చేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడలపై తెలుగులోనూ రాయించాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, ఒడిశా