వద్దన్నావా, అడగమన్నావా?

చిన్నీ,

ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే డ్యూటీ అంటావు. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. వెనక వసారా రేకులు మార్పించాం. మీ నాన్న మోకాలు అలాగే ఉంది. సుబ్బులత్త మనవడి బారసాలకి వెళ్తే రమణ కోడలు ఒక మాట అంది. నీకు సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారట, ఎవరిదో ఆపరేషన్ నీవల్ల వాయిదా పడిందట. నేనేమీ అడగను, నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు.

మాగాయ ఈసారి బాగా కుదిరింది, పంపిస్తున్నా. నైట్ డ్యూటీలో ఖాళీ కడుపున టీలు తాగకు. కాళ్ళకి ఆ బిగుతు మేజోళ్ళు వేసుకుంటున్నావా? నా పిక్కల మీద నరాలు చూశావుగా.

ఇంతకీ ఆ పేషెంట్‌తో నువ్వు ఆపరేషన్ వద్దన్నావా, డాక్టర్‌ని అడగమన్నావా? మొదటిది మన పని కాదు. రెండోది మాత్రం ముమ్మాటికీ మన పనే.

నేను గైనిక్ వార్డులో నర్సుగా ఉన్నప్పుడు ఒకామె చేరింది. 35 ఏళ్ళు దాటి ఉండవు, మిరపకోతలకి వెళ్ళే మనిషి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని గర్భసంచి తీసేయడానికి రాశారు. ముందురోజు సాయంత్రం కేస్ షీట్ తిప్పితే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు రాసిచ్చే కన్సెంట్ ఫారం మీద భర్త సంతకం ఒక్కటే ఉంది. "నీకేం ఆపరేషనమ్మా?" అంటే "గడ్డేదో తీస్తారంట, ఆయనకి తెలుసు" అంది. మంచం పక్కన కూర్చుని కాగితం మీద బొమ్మ గీశాను. ఇది సంచి, ఈ రెండూ అండాశయాలు. ఇవి కూడా తీసేస్తే ఈ వయసుకే ముట్లుడిగిపోతాయి, ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకలు బలం తగ్గుతాయి అన్నాను. "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అంటే బొమ్మ మీద వేలు పెట్టి చెప్పింది. మొదట తడబడింది, రెండోసారి గడగడా చెప్పేసింది. రౌండ్స్‌కి డాక్టర్ మేడమ్ రాగానే "ఈమె మిమ్మల్ని ఏదో అడగాలట మేడమ్" అని పక్కకి జరిగాను. కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది: "మందులకి తగ్గదా అమ్మా? తీస్తే ఆ రెండూ ఉంచుతారా?" మేడమ్ నన్ను కొరకొరా చూసినా, ఆమెకి మాత్రం ఓపిగ్గా చెప్పింది. ముందు మందులు వాడి చూశారు. తగ్గకపోతే తర్వాత ఆపరేషన్ చేశారు, అండాశయాలు ఉంచారు. ఈసారి ఫారం మీద ఆమె వేలిముద్ర ఉంది.

మనం వకాల్తా పుచ్చుకుని వాదిస్తే నర్సుకీ డాక్టర్‌కీ గొడవ అంటారు. పేషెంట్ తన నోటితో అడిగితే ఎవరూ ఏమీ అనలేరు. 2008లో సుప్రీంకోర్టు తీర్పు గుర్తుంది కదా? పరీక్ష కోసం మత్తు ఇచ్చినామెకు, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితి కానప్పుడు ఆమె ఒప్పుకోవాలి గానీ తల్లి ఒప్పుకుంటే చాలదంది కోర్టు. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకి పంపిన పేషెంట్ల హక్కుల పట్టికలో కూడా సమ్మతి, ఇంకో డాక్టర్‌ని అడగడం, రికార్డులు తీసుకోవడం అన్నీ ఉన్నాయి. అది ప్రింట్ తీసి దగ్గర పెట్టుకో.

నోట్స్‌లో టైమ్ వేశావా? "డాక్టర్ చెప్పలేదు" అని మాత్రం రాయకు. "ఏం ఆపరేషనో తనకు తెలియదని పేషెంట్ చెప్పింది, ఫలానా టైమ్‌కి డాక్టర్ గారికి తెలియజేశాను" అని రాయాలి. ముందు సిస్టర్ ఇన్‌ఛార్జ్ చెవిన వెయ్యాలి, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో చెప్పాలి. ఒక్కదానివే పోయి నిలబడకు. ఇవన్నీ నీకు తెలిసినవే, అయినా తల్లిని కదా.

డాక్టర్‌ని అడగమని నువ్వు ఆ పేషెంట్‌తో అని ఉంటే మంచి పనే చేశావు. మీ నాన్న కూడా అదే అంటున్నారు, కాకపోతే ఆయనకీ రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

మెమో నిజమైతే జవాబు తొందరపడి రాసిచ్చెయ్యకు. మెమో ఫొటో తీసి పంపు, నువ్వు రాసింది నాకు చదివి వినిపించాకే ఇద్దువుగాని. మాగాయ సీసా మూత వదులుగా ఉంది, బస్సులోంచి దించుకునేటప్పుడు నిలువుగా పట్టుకో.

మీ అమ్మ