లీటరంటే లీటరే: ఓఆర్‌ఎస్‌ కొలత గురించి

సంపాదకుల వారికి,
నమస్కారం.

ఎండలు ముదిరినా, తొలకరి వానలకు తాగునీటి పైపుల్లో మురుగు కలిసినా పత్రికల్లో తప్పకుండా కనిపించే సలహా ‘ఓఆర్‌ఎస్‌ తాగండి’. విరేచనాలతో ఒంట్లోంచి పోయిన నీటిని, ఉప్పును తిరిగి చేర్చే ఈ పొడి మందు గురించి మంచి సలహానే. కానీ ఎన్ని నీళ్లలో కలపాలి, ఎంత తాగాలి, ఎంతసేపట్లో తాగాలి అన్నవి ఆ వార్తల్లో అరుదుగా ఉంటాయి. ఈ మందు మహిమంతా కొలతలోనే ఉంది. ఎందుకో తెలియాలంటే మన చిన్న పేగు నీటిని ఎలా పీల్చుకుంటుందో కొంచెం చూడాలి.

తిండితో, నీళ్లతో కలిపి రోజుకు మన పొట్టలోకి వెళ్లే నీరు సుమారు 2 లీటర్లు. శరీరం తనంతట తాను జీర్ణనాళంలోకి వదిలేది దాదాపు 7 లీటర్లు. లాలాజలం లీటరున్నర, జఠర రసం 2 లీటర్లు, పైత్యరసం అర లీటరు, క్లోమ రసం లీటరున్నర, చిన్న పేగు స్వయంగా ఊరించేది మరో లీటరున్నర. ఈ 9 లీటర్లలో ఏడున్నర దాకా చిన్న పేగే వెనక్కి లాగేసుకుంటుంది. మిగిలిన దాంట్లో చాలా భాగం పెద్ద పేగు తీసుకుంటుంది. చివరికి మలంతో బయటికి పోయే నీరు 100 నుంచి 200 మి.లీ. మాత్రమే. అంటే నీళ్ల విరేచనాల్లో పోయేది పొద్దున తాగిన నీరొక్కటే కాదు, రక్తంలోంచి వచ్చి మళ్లీ రక్తంలోకి చేరాల్సిన నీరు కూడా. పెద్ద పేగు ఎంత సాయపడినా రోజుకు నాలుగైదు లీటర్లకు మించి పీల్చలేదు. పైనుంచి అంతకంటే ఎక్కువ వచ్చిందంటే బయటికి పోవాల్సిందే.

నీటిని లాక్కోవడానికి పేగులో పంపు లాంటిదేమీ లేదు. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది, అంతే. పేగు గోడ మీద మఖమలు గుడ్డ నూగులా ఉండే ఆంత్రచూషకాల కణాలు ఉప్పులోని సోడియాన్ని లోపలికి తీసుకోవడానికి రకరకాల దారులున్నాయి. కలరా సూక్ష్మజీవి విషం చేసే పనల్లా వాటిలో ముఖ్యమైన దారిని మూసేసి, మరో వైపు ఉప్పులోని రెండో భాగమైన క్లోరైడ్‌ తూములు బార్లా తెరవడం. ఉప్పు పేగులోకి కారిపోతుంది, వెంటే నీరూ పోతుంది. తీవ్రమైన కలరాలో పెద్దవారికి గంటకు లీటరు దాకా పోవచ్చు. ఈ విషం సంగతి 1959లో కలకత్తాలో శంభునాథ్‌ డే కనిపెట్టారు.

ఇంత విధ్వంసంలోనూ చెక్కుచెదరని దారి ఒకటుంది. దాన్ని బల్లకట్టు అనుకోండి. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్‌ అణువు కలిసి ఎక్కితేనే అది కదులుతుంది. ఒక్క ఉప్పే వస్తే ఆగిపోతుంది, ఒక్క గ్లూకోజే వచ్చినా అంతే. రెండూ దాటగానే వాటి వెనకే నీరు దాటుతుంది. సోడియం, గ్లూకోజ్‌ జోడీగా వెళ్తాయన్న ఈ ఊహను 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్‌ క్రేన్‌ ముందుకు తెచ్చారు. పదకొండేళ్ల తర్వాత, 1971 బంగ్లాదేశ్‌ యుద్ధ సమయంలో, పశ్చిమ బెంగాల్‌ బన్‌గావ్‌ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి, నరంలోకి ఎక్కించే ఉప్పునీరు, అంటే సెలైన్‌, నిండుకుంది. డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్‌, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపి డ్రమ్ముల్లో పెట్టించారు. రోగుల బంధువులే గ్లాసులతో ముంచి తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు ఆ నీళ్లు తాగినవారిలో నాలుగులోపుకు పడిపోయాయి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్‌ ఇచ్చారు. బతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మందుల షాపులో దొరికే లీటరు ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్‌ 13.5, పొటాషియం క్లోరైడ్‌ 1.5, ట్రైసోడియం సిట్రేట్‌ 2.9. దీన్ని సరిగ్గా లీటరు నీటిలో కరిగిస్తే సోడియం 75, క్లోరైడ్‌ 65, గ్లూకోజ్‌ 75, పొటాషియం 20, సిట్రేట్‌ 10 మిల్లీమోల్స్‌ (కరిగిన కణాల సంఖ్యను చెప్పే కొలమానం). మొత్తం కూడితే 245. మన రక్తంలో ఇదే లెక్క 290 దగ్గర ఉంటుంది. తాగిన నీరు రక్తం కంటే పలుచన కాబట్టి పేగులోంచి రక్తంలోకి సులువుగా వెళ్తుంది. సోడియం, గ్లూకోజ్‌ రెండూ 75 దగ్గర ఉండటం కూడా కాకతాళీయం కాదు. గ్లూకోజ్‌ మరీ తగ్గితే బల్లకట్టు మందగిస్తుంది, మరీ పెరిగితే ఆ మిగులు పేగులోనే ఉండి నీటిని తనవైపు లాగుతుంది.

చాలామంది తల్లులు చేసే పొరపాటు ఇక్కడే. ‘ఒక్కసారే కదా తాగేది’ అని లీటరు ప్యాకెట్‌ చింపి గ్లాసు నీళ్లలో, అంటే 200 మి.లీ.లో, కలిపేస్తారు. అప్పుడు సోడియం 75 కాస్తా 375 అవుతుంది. రక్తంలో ఉండాల్సింది 135 నుంచి 145. ఈ నీళ్లు పట్టిన బిడ్డకు విరేచనాలు పెరుగుతాయి, దాహం తీరదు, రక్తంలో సోడియం ఎక్కి మెదడు కణాలు నీరు కోల్పోయి కుంచించుకుపోతాయి, ఫిట్స్‌ వస్తాయి. ‘ఓఆర్‌ఎస్‌ పడలేదు’ అంటారు కానీ పడనిది కొలత. దీనికి తిరగబడ్డ పొరపాటూ ఉంది. 200 మి.లీ.కి సరిపడే చిన్న ప్యాకెట్లు, నాలుగు గ్రాముల పైచిలుకు పొడితో, విడిగా అమ్ముతారు. దాన్ని లీటరులో కలిపితే సోడియం 15కి పడిపోతుంది. పోయిన ఉప్పు తిరిగి రాదు, ఒట్టి నీరే చేరుతుంది, సోడియం తగ్గినా ఫిట్సే. రెండు ప్యాకెట్లూ చూడటానికి ఒకేలా ఉండటం మరో చిక్కు. కాబట్టి చింపే ముందు ప్యాకెట్‌ మీద ‘ఎన్ని నీళ్లలో’ అన్నది చదవాలి. ఇంట్లో కొలపాత్ర లేకపోతే లీటరు మంచినీళ్ల సీసా ఉంటే చాలు. కాచి చల్లార్చిన నీటిలో ప్యాకెట్‌ మొత్తం ఒకేసారి కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అని పొడిని అంచనాగా పంచితే ఉప్పు ఒక సగంలోకి, గ్లూకోజ్‌ ఇంకో సగంలోకి ఎక్కువగా పోవచ్చు. కలిపాక మళ్లీ మరిగించకూడదు. చక్కెర, పాలు, పళ్ల రసం, సోడా ఏవీ చేర్చకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి.

పేరు విషయంలో ఇన్నాళ్లు జరిగిన మోసం కూడా చెప్పుకోవాలి. సీసా కూల్‌డ్రింకుల్లో, పళ్ల రసం ప్యాకెట్లలో లీటరుకు 100 గ్రాములకు అటూ ఇటూ చక్కెర ఉంటుంది. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్‌ 13.5 గ్రాములు. అలాంటి తీపి పానీయాలే కొన్ని ‘ఓఆర్‌ఎస్‌’ మాటను పేరులో తగిలించుకుని మందుల షాపు కౌంటర్‌ మీదే అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాటను అలాంటి పానీయాల పేర్లలో, లేబుళ్లపై వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేవారు లేబుల్‌ వెనక్కి తిప్పి చూడటం మానకూడదు. కలిపి సిద్ధం చేసిన 200 మి.లీ. డబ్బా అయితే అందులో సోడియం 15 మిల్లీమోల్స్‌, గ్లూకోజ్‌ 2.7 గ్రాములు ఉండాలి. అంతకంటే తియ్యగా ఉంటే అది ఓఆర్‌ఎస్‌ కాదు.

ప్యాకెట్‌ దొరకని చోట లీటరు నీటికి తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, తలకొట్టిన అర చెంచా మెత్తని ఉప్పు. టీ చెంచా అంటే 5 మి.లీ. పట్టేది. పంచదార అణువులో గ్లూకోజ్‌ సగమే, మిగతా సగం ఫ్రక్టోజ్‌. అందుకే బరువు 13 గ్రాములు కాకుండా 25 గ్రాముల దగ్గర వేయాల్సి వస్తుంది. కలిపాక నాలుక మీద ఒక చుక్క వేసుకోండి. కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. కల్లుప్పుతో ఈ కొలత కుదరదు, స్ఫటికాల మధ్య ఖాళీ ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటుంది. ఈ ఇంటి మిశ్రమంలో పొటాషియం ఉండదు కనుక పక్కన అరటిపండు, కొబ్బరినీళ్లు ఇవ్వొచ్చు. కొబ్బరినీళ్లొక్కటే పట్టి ఊరుకుంటే మాత్రం చాలదు, వాటిలో పొటాషియం మెండు, సోడియం తక్కువ. ఉప్పు వేసిన గంజి మన పెద్దలు కనిపెట్టిన ఓఆర్‌ఎస్‌ అనే చెప్పాలి. అన్నంలోని పిండి పేగులో మెల్లమెల్లగా గ్లూకోజ్‌గా విడిపోతూ బల్లకట్టుకు ప్రయాణికులను పంపుతూ ఉంటుంది, చక్కెరలా ఒక్కసారిగా చిక్కబడదు. గ్లూకోజ్‌ పొడి నీళ్లకు ఆ గుణం లేదు, ఉప్పు లేదు కాబట్టి.

ఎంత పట్టాలి? విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., రెండు నుంచి పదేళ్ల వారికి 100 నుంచి 200 మి.లీ., పెద్దలకు దాహం తీరేంత. ఇప్పటికే నీరసించి, కళ్లు లోతుకు పోయి, చికాకుగా ఆత్రంగా తాగుతున్న బిడ్డకు మొదటి నాలుగు గంటల్లో కిలోకు 75 మి.లీ. చొప్పున, అంటే పది కిలోల బిడ్డకు 750 మి.లీ., ఆరోగ్య కేంద్రంలో చూస్తూ పట్టించాలి. వాంతి అయితే మానేయకండి. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక్కో చెంచా చొప్పున మొదలుపెట్టండి. గ్లాసుడు ఒకేసారి పోస్తే పొట్ట సాగి మళ్లీ వాంతవుతుంది, చెంచాతో పోస్తే నిలుస్తుంది. పాలసీసా వద్దు, శుభ్రం చేయడం కష్టం.

‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత ఈ జబ్బుకు పనికిరాదు. పేగు గోడ కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో కొత్తవి వస్తాయి, వాటిని కట్టడానికి ముడిసరుకు తిండే. తల్లిపాలు ఆపకూడదు, మెత్తటి అన్నం, పప్పు, పెరుగు పెట్టాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజూ 20 మి.గ్రా. జింక్‌, రెండు నుంచి ఆరు నెలల వారికి 10 మి.గ్రా., విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు వేయాలి. ఆ మాత్రలు, ఓఆర్‌ఎస్‌ ఆశా కార్యకర్తల దగ్గర ఉచితంగా దొరుకుతాయి. నాలుగో రోజుకు మానేసే వాళ్లే ఎక్కువ. విరేచనాలు కట్టడానికి మాత్రలు పిల్లలకు ఇవ్వకూడదు. పేగు కదలిక ఆగుతుంది గానీ లోపలికి నీరు ఊరడం ఆగదు, పొట్ట ఉబ్బుతుంది. మలంలో రక్తం లేనప్పుడు యాంటిబయాటిక్‌తో సాధారణంగా పనే ఉండదు.

గ్లూకోజ్‌ బాటిల్‌ ఎక్కిస్తే తప్ప కోలుకోమన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. 5 శాతం గ్లూకోజ్‌ ఉన్న అర లీటరు బాటిల్‌లో చక్కెర 25 గ్రాములు, శక్తి లెక్కన రెండు ఇడ్లీలంత. ఉప్పు అసలే ఉండదు. తాగగలిగిన మనిషికి ఓఆర్‌ఎస్‌ ఆ బాటిల్‌ కంటే మెరుగు. సూది అవసరమో కాదో వైద్యులే తేల్చాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. బిడ్డ మగతగా ఉండి తాగలేకపోవడం, తాగిందంతా వాంతి కావడం, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే రెండు సెకన్లు దాటినా ముడత పోకపోవడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, మలంలో రక్తం, పసికందుల్లో మాడు గుంట పడటం. వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, దారిలో తాగగలిగితే చెంచాతో పడుతూనే ఉండాలి. అక్కడ ఎక్కించాల్సి వస్తే రింగర్‌ లాక్టేట్‌ అనే లవణాల ద్రావణం, అది లేకపోతే సెలైన్‌.

మధుమేహం ఉన్నవారు విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్‌కు భయపడనక్కర్లేదు, లీటరు మొత్తంలో గ్లూకోజ్‌ 13.5 గ్రాములే. రోజూ దాహానికి తాగడం మాత్రం వద్దు, బీపీ ఉన్నవారికి ఆ ఉప్పు అనవసరం. కిడ్నీ, గుండె జబ్బులు ఉన్నవారు వైద్యుణ్ని అడగాలి, పొటాషియం, ఉప్పు రెండూ వారికి లెక్కే. వడదెబ్బ తగిలి ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతూ మాటలు తడబడుతున్న మనిషి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్‌ చేయడమే ముందు పని.

మీ పత్రికకు ఒక్క విన్నపం. ఇకపై అతిసారం వార్త వేసినప్పుడల్లా పక్కనే రెండు అంగుళాల చోటిచ్చి ‘పెద్ద ప్యాకెట్‌కు లీటరు, చిన్న ప్యాకెట్‌కు 200 మి.లీ.’ అని, వయసు వారీగా ఎంత పట్టాలో అచ్చు వేయండి. ఫొటో వేసేటప్పుడు కూడా ఓ చిన్న గ్లాసు పక్కన చింపిన లీటరు ప్యాకెట్‌ కాకుండా లీటరు సీసాతో ఉన్నది వేయండి. చదవలేనివాళ్లు బొమ్మ చూసే కలుపుతారు.

ఇట్లు,
శరీరధర్మశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలు,
గుంటూరు