పంటు మీద నువ్వడిగిన ప్రశ్నకి

రాజోలు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరిబాబూ,

మొన్న సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డప్పుడు ఓ మాటన్నావు, గుర్తుందా? సిగరెట్ ముట్టించుకుంటూ, "మా తాత లంక పొగాకు చుట్టలు కాల్చి కాల్చి తొంభై ఏళ్లు బతికాడు. మీ మేనత్త జన్మలో పొగ తాగలేదు, ఆవిడకి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ఇంక నేను మాని ఏం ఉద్ధరించాలిరా?" అన్నావు. నేను నోరు తెరిచేలోపు పంటు వచ్చింది, బళ్లన్నీ ఒక్కసారే ఎగబడ్డాయి, మాట అక్కడే తెగిపోయింది. నరసాపురం ఒడ్డు దాకా నీ పక్కనే నిలబడ్డాను గానీ జవాబు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డుపడతావు, అందుకే ఈ ఉత్తరం.

ముందు అత్త సంగతి. దగ్గు మొదలైంది పోయిన వర్షాకాలంలో. కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా మూడు నెలలు టీబీ మందులు వాడించారు. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే మన దగ్గర ముందు టీబీయే గుర్తొస్తుంది, అందుకు నేనేం అనను. మచ్చ పెరిగిందని కళ్లెదురుగా కనబడుతుంటే ఇంకో నెల చూద్దామన్నారే, అది మాత్రం ఇప్పటికీ మింగుడుపడటం లేదు. సరే, తర్వాత సీటీ స్కాను, సూదితో ముక్క తీయడం, అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలడం, ఇవన్నీ నీకు తెలిసినవే. ఆ ముక్కనే జన్యు పరీక్షకి హైదరాబాదు పంపారు. రిపోర్టులో నాకు అర్థంకాని ఒకే ఒక్క వరస ఉంది: ఈజీఎఫ్‌ఆర్, ఎల్858ఆర్.

అత్త అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "ఇది మా అమ్మ వైపు నుంచి వచ్చిందా బాబూ? మా పిల్లకి కూడా వస్తుందా?" అని. తన సంగతి కాదు, పిల్ల సంగతి. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు: "లేదమ్మా, ఈ మార్పు పుట్టుకతో వచ్చింది కాదు. ఎప్పుడో మధ్యలో, ఊపిరితిత్తిలో ఒక కణంలో పడింది. ఆ కణం పిల్లలకే గానీ మీ పిల్లకి పోదు." ఆ మాటకి అత్త ముఖంలో నెత్తురు ఆడింది.

నువ్వు దస్తావేజులు రాసేవాడివి కనక నీ లెక్కలోనే చెబుతాను. మన ఒక్కో కణంలో దాదాపు 300 కోట్ల అక్షరాల దస్తావేజు ఉంటుంది. ఉన్న అక్షరాలు నాలుగే: ఏ, సీ, జీ, టీ. కణం రెండయిన ప్రతిసారీ మొత్తానికి నకలు తీయాలి. తప్పులు పడతాయి, దిద్దే ఏర్పాటూ ఉంది, అయినా కొన్ని దాటిపోతాయి. చాలా తప్పుల వల్ల నష్టమేం లేదు. ప్రోటీన్లు తయారుచేసే భాగం మొత్తంలో 2 శాతం లోపే. నీ దస్తావేజులో "యావన్మంది" అన్నచోట ఒక దీర్ఘం పోతే కొంపలేం మునగవు. సర్వే నంబరులో ఒక్క అంకె మారితే మాత్రం పక్కవాడి చేను రిజిస్టరైపోతుంది. అత్తకి జరిగింది అదే. ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో ఒక టీ పోయి జీ పడింది. దాంతో ఆ ప్రోటీన్‌లో పూసల దండలా వరసగా ఉండే అమైనో ఆమ్లాల్లో 858వ పూస లూసిన్ కావాల్సింది ఆర్జినిన్ అయింది.

ఈ ఈజీఎఫ్‌ఆర్ అనేది కణం గట్టుకి ఉన్న తూము. 'పెరగండి' అని బయటినుంచి కబురొస్తే తెరుచుకోవాలి, పనయ్యాక మూసుకోవాలి. ఆ ఒక్క పూస మారితే తలుపు తెరుచుకుని బిగుసుకుపోతుంది. ఇంక వంతులూ లేవు, వారాలూ లేవు, రాత్రీ పగలూ నీళ్లే. కొందరిలో ఇదే జన్యువులో, ఎక్సాన్ 19 అనే చోట, కొన్ని అక్షరాలు మొత్తానికే ఎగిరిపోతాయట. దస్తావేజులో తూర్పు హద్దు రాయడం మర్చిపోయినట్టు. ఏఎల్‌కే అనే ఇంకో జన్యువు పాడయ్యే రకం ఇంకా విచిత్రం: రెండో క్రోమోజోములో ఒక ముక్క తెగి, తిరగబడి అతుక్కుని, రెండు వేర్వేరు జన్యువులు ఒకటైపోతాయి. 2007లో జపాన్ వాళ్లు కనిపెట్టారు.

తూము ఒకటి పాడైనంత మాత్రాన ఊరు మునగదు, కాలవ కాపలా చూసే లస్కరు ఉంటాడు కదా. కణంలో ఆ లస్కరు టీపీ53 అనే జన్యువు. దస్తావేజు దెబ్బతిన్నదని తెలిస్తే పని ఆపిస్తాడు, బాగుచేయిస్తాడు, కుదరదంటే కణాన్నే చంపేయిస్తాడు. ఆ లస్కరు కూడా పోయాడా, గండి పడ్డట్టే. స్మాల్ సెల్ అనే మొండి రకం ఊపిరితిత్తుల క్యాన్సర్లో టీపీ53, దానితోపాటు ఆర్‌బీ1 అనే ఇంకో అడ్డుకట్ట, రెండూ దాదాపు ప్రతి కేసులోనూ పోయి ఉంటాయి. అది ఎక్కువగా పొగ తాగేవాళ్లకే వస్తుంది. ఇదంతా ఒక్క రోజులో జరిగేది కాదు, ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఇక నీ సిగరెట్ దగ్గరికొస్తున్నా. పేజీ తిప్పేయకు.

పొగలో బెంజోపైరీన్ అని ఒకటుంది. దాన్ని కడిగి బయటికి పంపుదామని మన ఒళ్లే మార్చబోయి, ఇంకా జిగటదాన్ని తయారుచేసుకుంటుంది. అది పోయి జీ అక్షరానికి అంటుకుంటుంది. నకలు తీసేటప్పుడు ఆ జీ కాస్తా టీ అయి కూర్చుంటుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఏ కాగితం చూపించినా ఇది ఫలానా రైటరు రాత అని నువ్వు ఇట్టే చెప్పేస్తావు కదా? గడ్డలోని తప్పుల వరస చూసి, ఇది పొగ రాసిన రాత అని శాస్త్రవేత్తలూ అలాగే పట్టేస్తున్నారు. 1996లోనే ఇది దొరికింది: పొగ తాగేవాళ్ల గడ్డల్లో టీపీ53 ఎక్కడెక్కడ పాడవుతుందో, బెంజోపైరీన్ సరిగ్గా అక్కడే అంటుకుంటోందని. 2016లో లెక్క కూడా కట్టారు. రోజుకో పెట్టె కాలిస్తే ఊపిరితిత్తిలో ఒక్కో కణంలో ఏడాదికి సుమారు 150 తప్పులు. నీ పెళ్లి నాటి నుంచి పద్దెనిమిదేళ్లు. ఒక్కో కణంలో 2,700, బావా. వడ్డీ వేయలేదు.

మరి తాతకేం కాలేదేం అంటావు. ఒకటి, చుట్ట తాగేవాళ్లు చాలామంది పొగ లోపలికి లాగరు, నోట్లోనే తిప్పి వదిలేస్తారు. ఆ దెబ్బ నోటికి తగులుతుంది. ఉత్తరాంధ్ర ముసలమ్మలు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగి అంగిట్లో క్యాన్సర్లు తెచ్చుకోలేదూ? రెండు, తాత అదృష్టం. కళ్లకి గంతలు కట్టుకుని పంటు మీంచి రాళ్లు విసిరితే చాలావరకు నీళ్లలోనే పడతాయి. ఎవరికీ తగల్లేదు కదా అని నువ్వూ విసురుతానంటే ఎలా?

అత్త సంగతే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది. తాగని మనిషికి ఎందుకు? దానికి జవాబు రావులపాలెం అరటి మండీలో దొరికింది నాకు. గెలలు గదిలో పేర్చి పొగ వేసి మాగబెట్టేవాళ్లు, చూశావుగా. పొగ గెలని పుట్టించదు, ఉన్న కాయని మాగేస్తుంది. లండన్ వాళ్లు 2023లో చెప్పింది దాదాపు ఇదే. క్యాన్సర్ లేని ఊపిరితిత్తుల ముక్కలు పరీక్షిస్తే, 18 శాతంలో ఈజీఎఫ్‌ఆర్ తప్పున్న కణాలు అప్పటికే కనబడ్డాయట. వయసుతో పడ్డ తప్పులవి, మామూలుగా అలా పడి ఉంటాయి. 2.5 మైక్రాన్ల లోపు సన్నటి ధూళి లోపలికి పోతే కాపలా కణాలు రేగి, ఐఎల్-1 బీటా అనే వాపు పుట్టించే కబురు పంపుతాయి. దానికి ఆ పడుకున్న కణం లేస్తుంది.

అత్త వంటిల్లు గుర్తుందా? వానాకాలంలో తడి కొబ్బరి డొక్కలు అంటుకోక, ఊదుగొట్టం పట్టుకుని కళ్లు ఎర్రగా చేసుకుని ఊదుతూ ఉండేది. మనం పకోడీల కోసం గుమ్మంలో కూర్చుంటే పొగ దూలాల దాకా కమ్మేసేది. ఆ పొయ్యి వల్లే వచ్చిందని నేననను, ఏ పరీక్షా అత్త విషయంలో అలా చెప్పలేదు. కానీ గ్యాసు పొయ్యి ఉండి కూడా నీళ్లు కాగబెట్టడానికి డొక్కలు వాడుతున్నాం చూడు, మొన్నటితో మా ఇంట్లో అది మాన్పించాను.

ఇప్పుడు అసలు జవాబు. మానితే ఏం లాభం అన్నావు. పడ్డ తప్పులు చెరిగిపోవు, అబద్ధం చెప్పను. కానీ 2020లో ఒక పరిశోధనలో, మానేసిన వాళ్ల శ్వాసనాళాల్లో 40 శాతం దాకా కణాలు అసలెప్పుడూ తాగని వాళ్ల కణాల్లా ఉన్నాయట. ఇంకా తాగుతున్న వాళ్లకంటే నాలుగు రెట్లు. ఎక్కడో దెబ్బ తగలకుండా దాక్కున్న కణాలే మళ్లీ అల్లుకొచ్చాయని అంటున్నారు. ముంపులో నారు కుళ్లిపోయినా, మెరకన మిగిలిన నారు తెచ్చి మళ్లీ ఊడుస్తామే, అలాగ. ముంపు ఆగితేనే ఊడ్పు.

అత్త రోజూ ఒక గెఫిటినిబ్ మాత్ర వేసుకుంటోంది, 250 మిల్లీగ్రాములది. బిగుసుకున్న ఆ తూముకే అది అడ్డం పడుతుంది. ముఖం నిండా మొటిమల్లాంటి పొక్కులు, గోళ్ల అంచులు పచ్చి పుండ్లు. మజ్జిగన్నం తినడానికి చెంచా కావాలంటోంది. కానీ దగ్గు తగ్గింది, రాత్రి పడుకుంటోంది. ఎప్పటికో ఈ మాత్ర పారదని డాక్టరు గారు ముందే చెప్పారు. సగం మందిలో 790వ పూస కూడా మారిపోతుందట. దానికోసమే చేసిన మందు ఒసిమెర్టినిబ్ ఉంది. అప్పటి సంగతి అప్పుడు.

బుధవారం స్కానుకి భీమవరం తీసుకెళ్లాలి. పొద్దున్న ఏడింటికి నరసాపురం రేవులో కారుతో ఉండగలవా? నిన్ను అడిగానని చెబితే అత్త, "రమ్మను, దారిలో వాడితో కబుర్లాడాలి. కారులో మాత్రం ఆ కంపు ఉండకూడదని చెప్పు" అంది. అద్దాలు ఇవాళే తెరిచి పెట్టు, మూడు రోజులు పడుతుంది పోవడానికి.

నీ
రాంబాబు