కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి అనంతపురం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

ఫోను బ్యాటరీని వాడేవారే మార్చుకునే వీలు, మెమొరీ కార్డుకు చోటు, ఈ రెండింటి గురించే ఈ లేఖ. మొన్నటి ఎండాకాలంలో నా ఫోను బ్యాటరీ ఉబ్బితే, ఇక్కడి మరమ్మతు దుకాణంలో జిగురు కరగడానికి వేడిగాలి పట్టి వెనుక అద్దాన్ని ఊడదీయబోగా అది మూలన పుటుక్కున పగిలింది. చివరికి బ్యాటరీ కంటే అద్దానికే ఎక్కువ పోశాను. పాత ఫోనుకైతే గోటితో మూత తీసేవాణ్ణి.

ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ వేడికి త్వరగా దెబ్బతింటుంది, మా ఎండలేమో 40 డిగ్రీలు దాటుతాయి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులున్నా, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ బ్యాటరీని వాడేవారే మార్చుకునే వీలుండాలి. మన శాఖ 2022 డిసెంబరులోనే మరమ్మతు వివరాలు ఒకచోట దొరికేలా మరమ్మతు హక్కు పోర్టల్ అనే వెబ్‌సైటు తెరిచింది గానీ, విప్పడానికే వీల్లేని ఫోనుకు అది ఏపాటి ఆసరా?

నీళ్లు చొరకుండా అతికించామని కంపెనీలు చెప్పేది కొంత నిజమే. మరి సిమ్ అర ఎలాగూ ఉంచినవారు మెమొరీ కార్డుకు చోటెందుకు తీసేశారు? మార్చుకోగల బ్యాటరీ, మెమొరీ కార్డు చోటు అనే ఈ రెండు సౌకర్యాలు ఉన్నదీ లేనిదీ ఫోను పెట్టె మీదే తెలుగులోనూ ముద్రించేలా తక్షణం ఆదేశించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారుడు, అనంతపురం