కిలోమీటర్లు తర్వాత, తెగిన చోట్లు ముందు: పట్టణాభివృద్ధి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పార్కుల్నీ, కాలువ గట్లనీ, వాడకం ఆగిపోయిన రైలు మార్గాల్నీ కలుపుకుంటూ పోయి, చివరికి నీటి ఒడ్డు మీదుగా బయల్దేరిన చోటికే తెచ్చి వదిలే సైకిల్ లూప్ ఒకటి ఈమధ్య చాలా నగర ప్రణాళికల్లో కనిపిస్తోంది. మీ బల్ల మీదికీ అలాంటి ఫైలు వచ్చే ఉంటుంది. రాకపోతే రేపో మాపో వస్తుంది. మొత్తం ఎన్ని కిలోమీటర్లో మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో వేసి ఉంటారు. దయచేసి ఆ అంకె చూసి సంతకం పెట్టకండి.

నా మనవి ఒక్కటే. ఆ లూప్ ఎక్కడెక్కడ తెగుతోందో ముందు లెక్క తీయించండి, డబ్బు అక్కడ పెట్టండి. పార్కులోని బాట, గట్టు మీది దారి చాలావరకు ఎలాగూ ఉన్నవే. వాటి మీద రంగు వేసి కొత్త దారి అని చూపించడం సులువు. ఒకదాన్నించి ఇంకోదానికి వెళ్లడమే ఎవరికీ పట్టని పని.

ఇలాంటి దారి ఎవరి కోసం? రోజూ ట్రాఫిక్‌లో తొక్కేవాళ్లు బస్సు పక్కనుంచైనా ఎలాగోలా వెళ్లిపోతారు, వాళ్లకి దీని అవసరం తక్కువ. ఇది పదేళ్ల పిల్ల కోసం, పెళ్లయ్యాక సైకిల్ వదిలేసి మళ్లీ ఇప్పుడు ఎక్కుదామనుకుంటున్న అమ్మ కోసం, మోకాళ్ల నొప్పులతో నడక తగ్గించిన తాత కోసం. చదునైన దారి మీద పది కిలోమీటర్లంటే, తాపీగా తొక్కినా గంట పట్టదు. వాళ్లు అలవోకగా తొక్కేస్తారు. కానీ మధ్యలో సిగ్నల్ లేని ఆరు లేన్ల రోడ్డు ఒక్కటి దాటాల్సి వస్తే చాలు, ఆ లూప్ వాళ్లకి లేనట్టే. అన్నిటికంటే చెడ్డ వంద మీటర్లు ఎలా ఉన్నాయో, వాళ్లకి దారంతా అలాగే ఉన్నట్టు.

అమెరికాలోని మినియాపొలిస్‌లో మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే సైకిల్ దారి ఒకటుంది. దాదాపు 9 కిలోమీటర్లు. అది పాత రైలు మార్గం. చాలా దూరం వీధుల కంటే దిగువన, కందకంలాంటి చోట నడుస్తుంది. వీధులు పైనుంచి వంతెనల మీద వెళ్తాయి, సైకిల్ మీదున్నవాళ్లు ఆగే పనే ఉండదు. అంత మంచి దారికీ ఒక గండం ఉండేది: హయవాతా అవెన్యూ అనే పెద్ద రోడ్డు. దాని మీదుగా సైకిళ్లకీ పాదచారులకీ మాత్రమే ఒక కేబుల్ వంతెన కట్టి 2007లో తెరిచారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో హార్బర్ చుట్టూ 13 కిలోమీటర్ల రింగ్ ఉంది. అక్కడా దారి ముక్కలు ముందునుంచీ ఉన్నాయి. 2016లో ఇన్నర్ హార్బర్ వంతెన తెరిచాకే అది నిజంగా రింగ్ అయింది. ఆ వంతెన అనుకున్న సమయానికి పూర్తి కాలేదు, తిట్లు చాలానే పడ్డాయి. అయినా ఆ ఒక్క ముక్కని వాళ్లు మధ్యలో వదిలేయలేదు.

ప్రతి చోటా వంతెనే కట్టమని కాదు. చాలా చోట్ల ఎత్తుగా వేసిన క్రాసింగ్, మధ్యలో ఆగడానికి డివైడర్‌లో సైకిల్ పూర్తి పొడవునా పట్టేంత జాగా, కాస్త ఎక్కువసేపు ఉండే సిగ్నల్ సరిపోతాయి. ఉన్న వంతెన కిందనుంచి నీటి పక్కగా బాట తీయగలిగితే ఇంకా మేలు. ‘సైకిల్ దిగి నడవండి’ అన్న బోర్డు మాత్రం వద్దు. ఆ బోర్డు కనిపించిందంటే అక్కడ ఇంజనీరు చేతులెత్తేశాడని అర్థం.

దారి తెగేది రోడ్ల దగ్గరే కాదు, శాఖల మధ్య కూడా. పార్కు ఒకరిది, గట్టు నీటిపారుదల వాళ్లది, వంతెన రోడ్ల శాఖది, పట్టాల పక్క జాగా రైల్వేది. పార్కు చివర గేటుంటుంది, అవతల గట్టుంటుంది, మధ్యలో తాళం ఉంటుంది. ఉదయం నడకకి వచ్చేవాళ్లు వెళ్లాక గేటు వేసేస్తే, సాయంత్రం ఆఫీసు నుంచి ఈ దారిన ఇంటికెళ్దామనుకున్నవాళ్లు మళ్లీ మెయిన్ రోడ్డెక్కాల్సిందే. దీనికి కోట్లు అక్కర్లేదు. నలుగురు అధికారులు ఒక గదిలో కూర్చుంటే తేలుతుంది. వాళ్లని కూర్చోబెట్టే హోదా మాత్రం మీకే ఉంది, అందుకే ఈ లేఖ కమిషనర్‌కి కాకుండా మీకు రాస్తున్నాను.

ఇక నడిచేవాళ్ల సంగతి. నీటి ఒడ్డున దారి బాగుంటే జనం వస్తారు. జనం వచ్చాక సైకిళ్లకీ నడకకీ గొడవ మొదలవుతుంది. మూడు మీటర్ల వెడల్పు బాట మీద పరిగెత్తే పిల్లలు, పక్కపక్కన నలుగురుగా నడిచే స్నేహితులు, కుక్కని పట్టుకున్నవాళ్లు, వాళ్ల మధ్యలోంచి బెల్లు కొడుతూ సైకిళ్లు. చివరికి తప్పు సైకిల్‌దే అవుతుంది, సైకిళ్లు రాకూడదని బోర్డు పడుతుంది. షికాగో సరస్సు ఒడ్డున 29 కిలోమీటర్ల దారిలో ఈ ఇబ్బంది తట్టుకోలేకే నడకకి ఒకటి, సైకిళ్లకి ఒకటి విడదీశారు, ఆ పని 2018లో పూర్తయింది. కెనడాలోని వాంకూవర్ స్టాన్లీ పార్కు చుట్టూ ఉన్న సముద్రపు గోడ మీద, అంటే సీవాల్ మీద, సైకిళ్లు ఒకే దిశలో వెళ్లాలి, గడియారం ముల్లు తిరిగే వైపుకి వ్యతిరేకంగా. జాగా చాలని చోట ఈ ఏకదిశ పద్ధతి ఎంత మేలో కాగితం మీద తెలియదు: ఎదురొచ్చేవాళ్లు లేకపోతే సగం టెన్షన్ పోతుంది. (ఆ గోడ 1917లో మొదలైంది, అలలకి ఒడ్డు కోసుకుపోకుండా. చుట్టంతా పూర్తయ్యేసరికి 1980 వచ్చింది. మీకు అంత ఓపిక ఉండమని అడగను.)

కొన్ని చిన్న విషయాలు టెండర్‌లోనే రాయించండి, తర్వాత ఎవరూ పట్టించుకోరు. ఇంటర్‌లాక్ టైల్స్ వద్దు, నునుపైన తారు వేయండి. మురుగు జాలీల కమ్మీలు సైకిల్ వెళ్లే దిశకి అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే చక్రం దిగబడుతుంది. వాలు నూటికి ఐదుకి మించకూడదు. కార్లు దూరకుండా స్తంభాలు కావాలి, కాదనను. 2017లో న్యూయార్క్ హడ్సన్ నది పక్క సైకిల్ దారి మీదికి ఒకడు ట్రక్కు నడిపి ఎనిమిది మందిని చంపాక అక్కడ బలమైన అడ్డుస్తంభాలు పాతారు. అయితే స్తంభానికీ స్తంభానికీ మధ్య మీటరున్నర సందు వదలాలి, అవి రాత్రి కనబడాలి. పెడితే ఒకటో మూడో పెట్టాలి. రెండు పెడితే ఎదురెదురుగా వచ్చేవాళ్లు ఇద్దరూ మధ్య సందులోకే దూరతారు.

నీటి పక్కన కట్టేటప్పుడు నీటి మాట వినాలి. పారిస్‌లో సీన్ నది కుడి ఒడ్డున 3.3 కిలోమీటర్ల కార్ల రోడ్డుని 2016లో మూసి జనానికిచ్చారు. ట్రాఫిక్ స్తంభిస్తుందని ఎంత గోల జరిగినా వెనక్కి తగ్గలేదు. 2018 జనవరి వరదలో ఆ ఒడ్డు మునిగింది. నీరు తీశాక శుభ్రం చేసి మళ్లీ తెరిచారు. ముంపు ఉన్న చోట మునిగినా పాడవని బాట వేసి, ఆ రోజుల కోసం పైనుంచి ఇంకో దారిని పటంలో ముందే గుర్తించాలి. మునగని విధంగా ఎత్తు గోడ కట్టేస్తే ఇక నీళ్లే కనిపించవు, అప్పుడు ఒడ్డున తొక్కడం దేనికి?

మినియాపొలిస్ వంతెన గురించి చెప్పాను కదా, 2012లో దాని కేబుళ్లు ఊడిపడి కొన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. కాబట్టి నిర్మాణానికే కాక, ఏటా చూసుకోవడానికీ విడిగా పద్దు ఉండాలి. చెట్ల వేళ్లు తారుని లేపుతాయి, దీపాలు పోతాయి. దీపం పోయిన చోట చీకటి పడ్డాక ఆడవాళ్లు రారు.

నిధులు లేవంటారా? కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు కొన్ని రోడ్లని కార్లకి మూసి సైకిళ్లకి వదులుతున్నారు, ఇప్పుడది వంద కిలోమీటర్లు దాటింది. మనమూ తెగిన చోట్లు బాగుచేసేదాకా ఆదివారం ఉదయం ఆ చోట్లలోని రోడ్లు మూసి, ట్రాఫిక్ పోలీసుల్ని నిలబెట్టి లూప్ నడిపించవచ్చు. ఎక్కడ జనం ఆగిపోతున్నారో, ఎక్కడ దిగి నడుస్తున్నారో అప్పుడే కళ్లకి కనబడుతుంది.

ఫైలుకి ఒక్క పటం జత చేయించండి. తెగిన ప్రతి చోటూ అందులో ఉండాలి. దాని పక్కన అది ఏ శాఖ కింద ఉందో, ఎప్పటికి కలుస్తుందో రాసి జనం ముందు పెట్టండి. ఈ లేఖకి జవాబిచ్చే తీరిక మీకు దొరికితే, పార్కుకీ గట్టుకీ మధ్య గేటు తాళం ఎవరి దగ్గరుందో ముందు అది చెప్పండి.

ఇట్లు,
ఒక సైకిల్ ప్రయాణికుడు