ఆరు వారాలు ఆకుకూరలు లేవు, కారణం ఇదీ

ముందే డబ్బు కట్టి వారం వారం నా దగ్గర ఆకుకూరలు తీసుకునే మీకు ఈ వారం అవి రావు. మళ్లీ రావడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది. "నీళ్లలో వానపాములు వేస్తే ఇంతే" అని అప్పుడే కొందరు అనేశారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

చేపల నీళ్లతోనే మొక్కలు పెంచే మన ఆక్వాపోనిక్స్‌లో చేపల నీళ్లు కంకర తొట్లలోకి ఎక్కుతాయి, నిండగానే సైఫన్ అనే గొట్టం వాటిని కిందికి లాగేస్తుంది. చేపల వ్యర్థంలోంచి వచ్చే, చేపలకు విషమైన అమ్మోనియాను మొక్కలకు ఎరువైన నైట్రేట్‌గా మార్చేది బ్యాక్టీరియా. కంకర సందుల్లో పేరుకునే చేపల మలం, చచ్చిన వేర్లు తినేవి ఎర్ర వానపాములు. అవి చర్మంతోనే ఊపిరి పీలుస్తాయి. నీళ్లు ఎక్కి దిగుతూ గాలి ఆడినంత కాలం వాటికి ఢోకా లేదు.

కొత్త తొట్టి కోసం వానపాములు తెప్పించాను. పేడ లేకుండా పంపమని రెండుసార్లు చెప్పాను. సంచి విప్పితే సగం పచ్చిపేడ! ఫోన్ చేస్తే "పాములన్నాక పేడ ఉండదా అండీ" అన్నాడు అమ్మినతను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. అతని దగ్గర ఇక కొనను. అయితే వాటిని రెండు వారాలు కొబ్బరిపొట్టులో విడిగా ఉంచి, కడిగి వేయాల్సింది నేను. తొందరలో ఒక్కసారి జాడించి వేసేశాను.

రాత్రికి పేడ సైఫన్‌లో అడ్డుపడింది. నీళ్లు దిగక, గాలి అందక పాములు చచ్చి కుళ్లాయి, అమ్మోనియా పెరిగింది. పొద్దున్నే చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మేత ఆపి, మూడో వంతు నీళ్లు మార్చినా 11 పోయాయి.

చేపల సంగతి అలా ఉంచితే, నాకు నిద్ర లేకుండా చేసింది ఆకులే. అంత నిగనిగలాడే ఆకుల్ని ఎప్పుడూ కోయలేదు. తొట్లన్నిటికీ నీళ్లు ఒకటే, ఆ నీళ్లలో పచ్చిపేడ కలిసింది. పేడలో కడుపు జబ్బు తెచ్చే ఈ.కోలై బ్యాక్టీరియా ఉండొచ్చు. "ఉడికించుకోమని చెప్పి అమ్మేయ్" అన్నారు ఇంట్లో. నిజమే, ఉడికితే పోతుంది. కానీ మీలో పచ్చిగా తినేవాళ్లు ఎవరో నాకేం తెలుసు? రెండు రోజులు కోద్దామా వద్దా అని తొట్ల చుట్టూ తిరిగాను. మూడో రోజు మొత్తం పీకి కంపోస్టులో వేశాను.

నీళ్లు ల్యాబుకి పంపాను. రిపోర్టు బాగుంటేనే విత్తనం వేస్తాను. కట్టిన డబ్బు వెనక్కి కావాలంటే మొహమాటపడకుండా అడగండి, లేదంటే ఆ వారాలు చివర కలుపుతాను.

పాములు తీసేయమని మాత్రం చెప్పకండి. పాత తొట్లలో పేడ వేయలేదు, సైఫన్ ఆగలేదు. నిన్న కంకర తవ్వి చూశాను, పాములు బాగానే ఉన్నాయి.