మానసిక వార్డు నర్సులకు చట్టం ఒక్కటే రక్షణ కాదు

సంపాదకులకు,

ఆసుపత్రిలో దాడి జరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా కఠిన చట్టం, గార్డులు, సీసీ కెమెరాలు అనే మాటలే వినిపిస్తాయి. రోగి బంధువులు తిరగబడే క్యాజువాలిటీలో అవి పనికొస్తాయి. సైకియాట్రీ వార్డులో చెయ్యెత్తేది చాలాసార్లు రోగే. వైద్య సిబ్బందిపై దాడికి మూడేళ్ల దాకా జైలు విధించే 2008 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం, తానేం చేస్తున్నాడో తెలియని మనిషిని ఆపలేదు. ఆ స్థితిలో చేసింది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ చెబుతోంది. అది న్యాయమే. మానసిక జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ రారు కూడా. కాబట్టి నర్సుకు రక్షణ వార్డు పని జరిగే తీరులోనే దొరకాలి.

దాడికి ముందు చాలావరకు గుర్తులు కనిపిస్తాయి. నార్వేలో తయారైన బ్రోసెట్ చెక్‌లిస్టులో అవి ఆరు: అయోమయం, చిరాకు, గోల, మాటలతో బెదిరింపు, కొట్టబోయినట్టు మీదికి రావడం, వస్తువులు విసరడం లేదా పగలగొట్టడం. ఒక్కోదానికి ఒక మార్కు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషికి గోల కింద మార్కు వెయ్యకూడదు, మామూలు కన్నా పెరిగితేనే వెయ్యాలి. ఒకటి రెండు వస్తే కనిపెట్టుకుని ఉండాలి. మూడు, ఆపైన వస్తే వచ్చే 24 గంటలకు ఏం చెయ్యాలో డాక్టరుతో అప్పుడే తేల్చుకోవాలి. డ్యూటీ మారేటప్పుడు ఈ మార్కును నోటితో చెప్పాలి, కేస్‌షీట్‌లో రాయాలి.

మార్కు వెయ్యగానే సరిపోదు, కారణం వెతకాలి. మద్యం మానేసిన రోగికి రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య డెలీరియం అనే తీవ్రమైన అయోమయ స్థితి రావచ్చు: వణుకు, చెమటలు, లేనివి కనిపించడం. చివరిసారి ఎప్పుడు తాగారన్న ప్రశ్నను అడ్మిషన్‌లో వదిలేస్తే ఇది పొగరులా కనిపిస్తుంది. అతనికి కావలసింది లోరాజెపామ్ లాంటి మందు, థయమిన్ (బి1 విటమిన్). ఉద్రేకం తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ తర్వాత కాలు నిలవక అటూ ఇటూ తిరిగే రోగి సంగతి వేరు. అది మందు తెచ్చిన అశాంతి కావచ్చు. ఇంకా తగ్గలేదనుకుని మరో డోసు వేస్తే ముదురుతుంది. ఇవేవీ కాకుండా, ఇంటికి ఫోను చెయ్యనివ్వకపోవడం, బీడీ లేదనడం, ఎప్పుడు పంపిస్తారో చెప్పకపోవడం కూడా గొడవకు నాంది అవుతాయి. కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు కారణం చెప్పి, మళ్లీ ఎప్పుడు అడగవచ్చో కూడా చెబితే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే ఐదుగురు కావాలి: కాళ్లూ చేతులకు నలుగురు, తల దగ్గర ఉండి మాట్లాడుతూ ఊపిరి గమనించడానికి ఒకరు. బోర్లా పడేసి వీపు మీద బరువు వేస్తే ప్రాణమే పోవచ్చు. సిబ్బంది తక్కువన్న సాకుతో కట్టెయ్యకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 97వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. రాత్రి డ్యూటీకి ఒక నర్సును, ఒక అటెండరును వేసే రోస్టర్ ఆ చట్టాన్ని పాటించడాన్నే అసాధ్యం చేస్తుంది. దెబ్బలు తినేది ఆ నర్సు, తర్వాత సంజాయిషీ ఇచ్చుకునేదీ ఆమే.

దాడి తర్వాత జరిగేది మమ్మల్ని ఎక్కువ బాధపెడుతోంది. రోగి కొరికి రక్తం వస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో బాగా కడిగి, హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమో కాదో వెంటనే చూపించుకోవాలి. 72 గంటలు దాటితే ఆ మందు పనికిరాదు. ఉద్యోగంలో చేరిననాడే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు మొదలవ్వాలి. ఇవి కాగితం మీదైనా ఉన్నాయి. మనసుకు తగిలిన దెబ్బను పట్టించుకునే ఏర్పాటు మాత్రం కనిపించదు. "నువ్వేమన్నావు, వాడెందుకు కొట్టాడు?" అన్నదే మొదటి ప్రశ్న అయితే రెండోసారి ఎవరూ ఫిర్యాదు రాయరు. నిద్ర పట్టకపోవడం, అదే మంచం దగ్గరికి వెళ్లాలంటే చేతులు వణకడం బలహీనత కాదు. ఆ పూట డ్యూటీ నుంచి తప్పించడం, జీతం కోతలేని సెలవు, తమ పై అధికారి కాని కౌన్సెలర్‌తో మాట్లాడే వీలు కల్పించాలి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నర్సులకు ఇవి మరీ అవసరం. దాడి జరిగితే ఆరు గంటల్లో ఎఫ్‌ఐఆర్ నమోదుకు సంస్థ ఫిర్యాదు చెయ్యాలని కేంద్రం 2024 ఆగస్టులో గడువు పెట్టింది. గాయపడిన నర్సును చూసుకోవడానికీ అలాంటి గడువే ఉండాలి.

రోగులను కట్టేసిన ప్రతి సంఘటనా నెలనెలా మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు పంపే నివేదికలో ఉండాలని అదే 97వ సెక్షన్ చెబుతోంది. సిబ్బందికి తగిలిన దెబ్బలను, ఆ పూట డ్యూటీలో ఎంతమంది ఉన్నారన్న లెక్కను అదే నివేదికలో చేర్చమని రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలనూ కోరుతున్నాం.

– కొందరు సైకియాట్రీ నర్సులు